శవాల బండిలో షికారు

ఆ ఆదివారం పొద్దున అనియెల్లో వేసుకున్న పథకంలో వింతేమీ లేదు. ఎనిమిదింటికి భార్యను కారులో కూర్చోబెట్టుకుని సొరెంటోలో బయలుదేరాలి. పొసితానోలో కాఫీ తాగాలి. అమాల్ఫీలో సముద్రం ఒడ్డు భోజనశాలలో ఒక బల్ల ముందే చెప్పి ఉంచాడు కాబట్టి మధ్యాహ్నం అక్కడ భోజనం చెయ్యాలి. పొద్దు గూకే లోపల వియెత్రీ దాకా పోయి తిరిగి రావాలి. కొండ అంచున వేలాడే ఆ దారి అతనికి కొత్తదా? ముప్పై నాలుగేళ్ళు దాని మీద బస్సు నడిపి రిటైరైనవాడు. ఏ మలుపులో ఎవరి గోడ బస్సు పక్కను గీకుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

అంత తెలిసినవాడికి ఆ పొద్దున గడ్డం గీసుకుంటుంటే రెండుచోట్ల ఎందుకు తెగిందయ్యా అంటే, కారణం వంటింటి అలమరలో పంచదార డబ్బా కింద ఉంది. ఉత్తరాన ఎక్కడో ఉన్న తూరినోకి రైలు టికెట్టు. మంగళవారానిది. ఒక్కరికే, పోవడానికే.

అసుంతా దాన్ని దాచలేదు. వారం కిందట పొయ్యి దగ్గర నిలబడి చిక్కుడు గింజల్లో ఉప్పు చూస్తూ చెప్పింది. "మా చెల్లెలు గది ఖాళీ చేసి ఉంచింది. నాకు కోపమేం లేదయ్యా. ముప్పై ఎనిమిదేళ్ళు చూశాను. పెళ్ళినాడు తీరమంతా తిప్పి చూపిస్తానన్నావు. ఊరందరినీ తిప్పావు, జర్మనీవాళ్ళని తిప్పావు, జపానువాళ్ళని తిప్పావు. ఇంక నేను పోయి మా చెల్లెలితో కూచుని మంచు చూసుకుంటా."

కొండకు ఈ పక్కన పుట్టిన మనిషి ఆ పక్క తీరం చూడలేదంటే ఎవరూ నమ్మరు. కానీ పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా. ముందు పిల్లలు, తరవాత అత్తగారి పక్షవాతం, ఆ తరవాత తన మోకాళ్ళు. మధ్యలో ఎప్పుడు అడిగినా అనియెల్లోది ఒకటే మాట: "ఏముందే అక్కడ? మలుపులూ నీళ్ళూ." వెళ్ళొద్దే అనే మాట అతని నోటికి ఎప్పుడూ అలవాటు లేదు. అందుకని, "ఆదివారం పోదాం," అన్నాడు. "చూద్దాం," అంది ఆమె. ఆ చూద్దాంలోనే మంగళవారం ఉందని అతనికి తెలిసింది.

ఆకాశం పొద్దున్నుంచే ముసురు పట్టి ఉంది. కొండ దిగి తీరం దారిలో అడుగు పెట్టబోతుండగా పోలీసు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇవాళ సరి నంబరు కార్లకి ప్రవేశం లేదండీ."

అనియెల్లోకి చెమట పట్టింది. యాత్రికుల రద్దీ రోజుల్లో ఒకనాడు సరి, ఒకనాడు బేసి అని నియమం. ఇలా వెనక్కి తిరిగిపోయే కార్లను బస్సు సీట్లోంచి చూసి, 'తేదీ చూసుకోవడం కూడా రాని వెధవలు' అని ముప్పై నాలుగేళ్ళు తిట్టుకున్నవాడు. తన కారుకీ ఒక నంబరు ఉంటుందని ఎన్నడైనా తడితేగా.

"నేను ఇదే దారిలో ముప్పై నాలుగేళ్ళు నడిపాను బాబూ," అన్నాడు.

"బస్సుకి నంబరుతో పని లేదండీ. మీది బస్సు కాదు."

అసుంతా చేతిసంచి మూత టక్కుమని వేసింది. అంతే.

దగ్గర్లో ఉన్నది ఆమె తమ్ముడు చీరో ఇల్లు. మేతా ఊళ్ళో అంత్యక్రియలు జరిపించే వ్యాపారం అతనిది. తలుపు కొట్టి కారు అడిగితే చీరో పెదవి విరిచాడు. "నాదీ సరి నంబరే బావా. ఇంక మిగిలింది పెద్ద బండి. దానికి సరీ బేసీ లేదు. చావుకి తేదీలుంటాయా?"

అనియెల్లో భార్య మొహం చూశాడు. ఆమె గేటు బయట నిలబడి కొండకేసి చూస్తోంది. ఈ పూట ఇంటికి తిరిగిపోతే మంగళవారం ఖాయం.

"తాళాలివ్వు," అన్నాడు.

"ఖాళీగా మాత్రం తీసుకెళ్ళకు బావా. నిండు బండి ఎదురైతే జనం శిలువ గీసుకుని ఊరుకుంటారు. ఖాళీది ఎదురైతే, చూసినవాణ్ణి ఎక్కించుకోడానికే వస్తోందంటారు."

"అవన్నీ నేను నమ్మను."

"నువ్వు నమ్మకపోతే ఏం, వాళ్ళు నమ్ముతారుగా," అంటూ చీరో నల్ల కోటూ నల్ల టోపీ తెచ్చి ఇచ్చాడు. "ఇవి వేసుకో. టోపీ లేనివాడు నడిపితే దొంగిలించాడనుకుంటారు."

అసుంతా బండి చుట్టూ ఒకసారి నడిచింది. పొడుగాటి నల్ల బండి, వెనక అంతా అద్దాలు, పైన ఇత్తడి శిలువ. ఆమెకున్న ఒక్క మంచి గౌను అత్తగారు పోయినప్పుడు కుట్టించిన నల్లది. ఇవాళ అదే వేసుకొచ్చింది. బండికీ మనిషికీ సరిగ్గా కుదిరింది.

"ముప్పై ఎనిమిదేళ్ళకి షికారు," అంది ఎక్కి కూచుంటూ. "నయం, ముందు సీట్లో కూచోబెట్టావు."

పోలీసు ఈసారి టోపీ తీసి దారి ఇచ్చాడు. తరవాత వెనక అద్దాల్లోకి చూసి, గబుక్కున చెయ్యి ప్యాంటు జేబులో దూర్చి తాళం చెవులు పట్టుకున్నాడు. ఇనుము ముట్టుకుంటే కీడు పోతుందంటారు.

పొసితానోలో కాఫీ అంగడి ముందు బండి ఆపీ ఆపకముందే అంగడివాడు రేకు తలుపు దించేశాడు. రోడ్డు వారన చీట్లాడుతున్న ముసలాళ్ళు నలుగురూ ఒక్కసారిగా కీడు తగలకుండా చూపుడు వేలూ చిటికెన వేలూ చాపి నేలకి చూపించారు. "ఇక్కడ కాదు నాయనా, ఇంకా ముందుకి పో," అన్నాడు అందులో పెద్దాయన. ముసురులో గులాబి రంగు ఇళ్ళు కొండ మీంచి సముద్రం దాకా మెట్లు మెట్లుగా దిగి ఉన్నాయి. అసుంతా అద్దంలోంచి మెడ సాచి చూస్తోంది. నాలుగు నిమిషాలు చూసి ఉంటుంది.

అప్పుడు మలుపులో పెళ్ళికారు ఎదురైంది. తెల్ల పూలు, తెల్ల రిబ్బన్లు, లోపల పెళ్ళికూతురు. ఖాళీ శవాల బండిని చూసి పిల్ల కెవ్వుమంది. తల్లి తలుపు తోసుకుని దిగింది.

"వెనక్కి పోనీ. నా బిడ్డ నీ ముందు నుంచి వెళ్ళదు. నువ్వే వెనక్కి పో."

ఆ దారిలో ఒక మర్యాద ఉంది. ఎదురుపడితే కార్లు వెనక్కి పోతాయి, బస్సు కాదు. అనియెల్లో బతుకులో ఎవరి కోసమూ వెనక గేరు వేసినవాడు కాదు. ఇవాళ మూడు వందల మీటర్లు వేశాడు. వెనక ఉన్న కార్లన్నీ హారన్లు కొడుతుంటే, పెళ్ళికూతురి తల్లి ఉప్పు జల్లుకుంటూ ముందు నడిచింది. పెళ్ళికి పోయే మనిషి సంచిలో అంత ఉప్పు ఎందుకుందో అడగడానికి అది సమయం కాదు.

"మలుపులూ నీళ్ళూ అన్నావు కదా," అంది అసుంతా. "మలుపులు రెండేసి సార్లు చూపిస్తున్నావు."

గోరుచుట్టు మీద రోకటిపోటు. అనియెల్లో రోడ్డు పక్కన ఆపి చీరోకి ఫోను చేశాడు. "చెప్పానా బావా," అన్నాడు చీరో. "ప్రయానోలో కాతెల్లో అని వడ్రంగి ఉన్నాడు. నాకు శవపెట్టెలు చేసేది అతనే. నేను మాట్లాడతా, ఒకటి ఎక్కించుకుపో."

కాతెల్లో మంచివాడే, కాకపోతే పనికొచ్చే అవకాశాన్ని వదిలే రకం కాదు. కొత్త పెట్టె, ఊదారంగు గుడ్డ, ఒక పాత పూలచక్రం, అన్నీ ఇచ్చాడు. "ఖాళీ పెట్టె మలుపుల్లో గడగడలాడుతుంది. బరువుండాలి," అంటూ దాని నిండా నిమ్మకాయలు పోశాడు. ఆ తీరం నిమ్మకాయలంటే చిన్నపిల్లల తలకాయలంత ఉంటాయి. "ఎలాగూ మినోరీ మీదుగా పోతారు కదా. మా అక్క రోడ్డు మీదికొచ్చి దించుకుంటుంది. మురబ్బా పెట్టుకోడానికి పది రోజుల్నుంచి అడుగుతోంది."

అక్కణ్ణుంచి లోకం మారిపోయింది. ఎదురొచ్చేవాళ్ళు టోపీలు తీస్తున్నారు. మోటారుసైకిళ్ళు పక్కకి తప్పుకుంటున్నాయి. యాత్రికుల బస్సు ఒకటి వెనక గేరులో పోయి మరీ దారి ఇచ్చింది. అమాల్ఫీ పొలిమేరలో పోలీసు అందరినీ ఆపి వాళ్ళని ముందు పంపాడు. అసుంతా కిటికీ అద్దం దించింది. కింద సముద్రం సీసం రంగులో ఉంది. ఆమె గడ్డం కిటికీ అంచు మీద ఆనించి చూస్తూ కూచుంది. అది మంచికో చెడుకో అనియెల్లోకి తెలియలేదు.

భోజనశాల ముందు ఆమె ముందు దిగింది. అతను బండి పక్కన పెట్టి వచ్చేలోపు జరగవలసింది జరిగిపోయింది.

"మా ఆయన పేరు మీద బల్ల ఉంది. అనియెల్లో, ఇద్దరికి," అని చెప్పిందట ఆమె. యజమాని పుస్తకం చూశాడు, నల్ల గౌను చూశాడు, గుమ్మం బయట పూలచక్రం చూశాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కలిసి భోంచెయ్యాల్సిన రోజునే ఆయన్ని ఇలా తీసుకుపోవాల్సి వచ్చిందా అమ్మా," అని ఆమె చెయ్యి పట్టుకుని సముద్రానికి ఎదురుగా ఉన్న మొదటి బల్ల దగ్గరికి నడిపించాడు. కుర్చీ జరిపాడు. వీపు వెనక దిండు పెట్టాడు. ఆమెకు ముప్పై ఎనిమిదేళ్ళుగా ఎవరూ కుర్చీ జరపలేదు. ఆమె అతని మాట కాదనలేదు.

అనియెల్లో గుమ్మంలోకి రాగానే యజమాని భుజం తట్టాడు. "డ్రైవరువి కదూ? నువ్వు వంటింట్లోకి పో, ఏదో ఒకటి పెడతారు."

"అసుంతా," అన్నాడు అనియెల్లో.

ఆమె తలెత్తి చూసింది. "పోయి తినిరా బాబూ," అంది.

వంటింట్లో నిలబడి చల్లారిన సేమియా తింటుంటే తలుపు సందులోంచి అంతా వినిపిస్తోంది. యజమాని తల్లి, తొంభై ఏళ్ళ ముసలమ్మ, వచ్చి అసుంతా ఎదుట కూచుంది. "ఎలాంటి మనిషమ్మా?" అని అడిగింది.

"చెడ్డవాడు కాదండీ," అంది అసుంతా. "తాగేవాడు కాదు. చెయ్యెత్తలేదు. జీతం తెచ్చి బల్ల మీద పెట్టేవాడు. మాట్లాడేవాడు కాదు, అంతే. మా అత్తగారు మంచాన పడి తొమ్మిదేళ్ళు ఉంది. నేనే చూశాను. పోయిననాడు ఆయన నాతో 'నువ్వు అలిసిపోయావు' అంటాడేమో అని ఎదురుచూశాను. 'బస్సుకి వేళయింది' అన్నాడు."

"మొగాళ్ళంతా అంతేనమ్మా."

"ఇక్కడ ఏముందీ అంటే మలుపులూ నీళ్ళూ అనేవాడు. ఇవాళే చూశాను. ఉత్త నీళ్ళేనాండీ అవి?" అని ఆమె ఏడ్చింది. వేషానికి ఏడవలేదు, నిజంగానే ఏడ్చింది. ముసలమ్మా ఏడ్చింది. చేపలు తోమే మనిషి కూడా కత్తి కింద పెట్టి కళ్ళు తుడుచుకుంది.

అనియెల్లో సేమియా గిన్నె కింద పెట్టాడు. బయటికి పోయి, నేనున్నానే, ఇక్కడే ఉన్నానే అనాలనిపించింది. ఉండి ఇన్నేళ్ళు చేసిందేమిటని ఎవరైనా అడిగితే? టోపీ కిందికి లాక్కుని అక్కడే నిలబడ్డాడు.

ఈలోగా యజమాని ఊరుకోలేదు. పోయింది 'బస్సు అనియెల్లో' అని అర్థం చేసుకుని ఎదురుగా ఉన్న బస్సుల అడ్డాకి కబురు పంపాడు. పావుగంటలో పదకొండుమంది డ్రైవర్లు బండి చుట్టూ చేరారు. బస్సులన్నీ చౌకులో ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అనియెల్లో గబగబా పోయి బండిలో కూచుని నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. ఎవరూ అతని కేసి చూడలేదు. శవాల బండివాడి మొహంలోకి చూడటం మంచిది కాదని అక్కడ చంటిపిల్లలకి కూడా తెలుసు.

జనాన్ని చూసి అసుంతా కళ్ళొత్తుకుంటూ బయటికి వచ్చింది. పాతికేళ్ళు అనియెల్లో పక్కన పనిచేసిన సబాతో అద్దం మీద చెయ్యి పెట్టి భోరుమన్నాడు. "మీరేనా అసుంతా వదిన? మీ చేతి సేమియా అట్టు తిని బతికినవాణ్ణి వదినా నేను. వారానికి మూడుసార్లు మీరు కట్టిస్తే, డబ్బా డబ్బా నాకే ఇచ్చేసేవాడు."

అసుంతా ఏడుపు ఆగింది. "మీకు ఇచ్చేసేవాడా?"

"ప్రతిసారీనూ."

ఆమె మెల్లగా తల తిప్పి డ్రైవరు సీటు కేసి చూసింది. అనియెల్లో సీట్లో కిందికి జారాడు. పొద్దున నాలుగున్నరకి లేచి, చలిలో గుడ్లు గిలకొట్టిన ముప్పై నాలుగేళ్ళూ ఆ చూపులో ఉన్నాయి.

"ఎందుకని అడిగితే ఏమనేవాడో తెలుసా వదినా," అన్నాడు సబాతో. "'మా ఆవిడ చేతిది ఒక ముద్ద తింటే ఇంటికి పోవాలనిపిస్తుందిరా, ఇంక మధ్యాహ్నం బండి నడపలేను' అనేవాడు."

జనం అయ్యో అన్నారు. అనియెల్లో నల్లద్దాల వెనక కళ్ళు మూసుకున్నాడు. ఆ మాట అన్నది నిజమే. సేమియా అట్టు మొహం మొత్తి, తప్పించుకోడానికి అన్నాడో, మనసులో ఉండి అన్నాడో, అతనికే ఇప్పుడు జ్ఞాపకం లేదు.

అంతటితో ఆగినా బాగుండేది. అడ్డా దగ్గర ఇంత జనం ఎందుకు చేరారా అని చర్చి ఫాదరు మెట్లు దిగి వచ్చాడు. ప్రార్థన చెప్పడానికి వెనక తలుపు తీయించాడు. దారంతా మలుపుల్లో నలిగిన నిమ్మకాయల వాసన ఒక్కసారిగా చౌకంతా కమ్మేసింది.

చావు దగ్గర ఎలాంటి వాసన వస్తుందో అందరికీ తెలుసు. సువాసన వచ్చేది పుణ్యపురుషుల దగ్గరే అని కూడా తెలుసు.  ఒక ముసలిది మోకాళ్ళ మీద కూలబడి, "తండ్రీ, నా కీళ్ళు," అంది. ఇంకొకతె పెట్టె మీది గుడ్డ అంచు చింపి రవికలో దోపుకుంది. "నాకు ఎప్పుడో అనుమానమే," అన్నాడు ఒక డ్రైవరు. "ఎవరినీ ఒక్క మాట అనేవాడు కాదు."

"మాట్లాడేవాడే కాదు," అంది అసుంతా.

"మౌనవ్రతం," అన్నాడు ఫాదరు ఆలోచనగా. "అమ్మా, ఈ దేహాన్ని రెండు రోజులు చర్చిలో ఉంచాలి. బిషప్పుగారికి కబురు చేస్తాను."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అసుంతా ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో మొదటిసారిగా డ్రైవరుతో గట్టిగా మాట్లాడింది. "బాబూ, చీకటి పడకముందే వియెత్రీ చేరాలన్నారు కదా. పోనీ బండి."

"చిత్తం అమ్మగారూ," అన్నాడు అనియెల్లో. దిగి, చుట్టూ తిరిగి వచ్చి, ఆమె తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆ పని చెయ్యడం అతనికీ మొదటిసారే.

బండి కదిలింది. వెనక రెండు బస్సులు, పద్నాలుగు కార్లు, లెక్కలేనన్ని స్కూటర్లు. తీరం దారి అటూ ఇటూ స్తంభించిపోయింది. మినోరీలో వడ్రంగి అక్క రెండు ఖాళీ గంపలతో రోడ్డు మధ్యకి వచ్చి, "నా నిమ్మకాయలేవీ?" అని అరిచింది. అనియెల్లో ఆపలేదు. ఆమె కొంత దూరం గంపలతో పరుగెత్తింది. వెనకవాళ్ళు ఆమెను కూడా కీళ్ళ నొప్పుల మనిషే అనుకుని బస్సు ఎక్కించుకున్నారు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, భక్తి ఎంతున్నా రాత్రి భోజనం వేళకి ఎవరిళ్ళకి వాళ్ళు పోవాలి. ఒక్కొక్క ఊళ్ళో కొందరు ఆగిపోయారు. వడ్రంగి అక్క చెతారాలో విసిగి దిగిపోయింది. వియెత్రీ పైన మలుపు దగ్గరికి వచ్చేసరికి వెనక ఎవరూ లేరు. అనియెల్లో రోడ్డు వార ఆపాడు. ముసురు విడలేదు. కొండలన్నీ ఒకదాని వెనక ఒకటి నీళ్ళలోకి దిగి బూడిదరంగులో కలిసిపోతున్నాయి.



"ఆ అట్టు సంగతి," అంది చివరికి అసుంతా, అద్దంలోంచి బయటికే చూస్తూ. "ఆయన అన్న మాట నిజమేనా?"

అనియెల్లోకి నిజం చెప్పాలని ఉంది. ఏది నిజమో తెలిస్తే చెప్పేవాడే. టోపీ సర్దుకున్నాడు.

"నేను డ్రైవర్నమ్మా. పెద్దాయన మనసులో ఏముందో నాకేం తెలుస్తుంది? కానీ..." అని ఆగాడు.  "మీరు బాగా అలిసిపోయి ఉంటారమ్మా. ఇన్నేళ్ళూ."

అసుంతా అతని కేసి తిరగలేదు. చేతిసంచి తెరిచి రుమాలు తీసుకుంది. మూత వెయ్యలేదు.

"పెద్దాయన పోయినందుకు నాకు పెద్ద బాధ లేదు," అంది కాసేపటికి. "డ్రైవరు మాత్రం నెమ్మదస్తుడు. అడిగినచోట ఆపుతాడు, తలుపు తీస్తాడు. నీకు వచ్చే ఆదివారం వీలవుతుందా?"

"బేసి నంబరు కారు చూస్తానమ్మా."

"సరి రోజో బేసి రోజో ముందు కనుక్కో," అంది ఆమె.

మంగళవారం రైలు ఆమె లేకుండానే పోయింది. తూరినోలో చెల్లెలు నెలరోజులు మాట్లాడలేదు. అప్పటినుంచి ఆదివారాలు ఇద్దరూ తీరం వెంబడి పోతూనే ఉన్నారు. చనిపోయినవాడు కనిపిస్తే బాగుండదు కాబట్టి అనియెల్లో నల్లద్దాలూ టోపీ తీయడు, కారు దిగితే నాలుగడుగులు వెనకే నడుస్తాడు, వంటింట్లో నిలబడి తింటాడు. ఆమె మొదటి బల్ల దగ్గర కూచుని ఆయన గుణగణాలు చెబుతుంది. అవి వారం వారానికీ మెరుగవుతున్నాయి.

అమాల్ఫీలో మాత్రం చెవులు కొరుక్కుంటున్నారు: అంతటి పుణ్యాత్ముడు పోయి ఏడాదైనా కాలేదు, అప్పుడే ఆ డ్రైవరుతో తిరుగుతోందని.